రెండో నంబరు పెద్దల్లుడిది

ఈ సంగతి నేనే రాసి పెట్టక తప్పదు. మా ఆవిడ సుజాత దీన్ని పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఒకసారి ఆసుపత్రి వరండాలో ముక్కూమొహం తెలియని వాళ్లకి కూడా చెప్పేసింది. చెప్పిన ప్రతిసారీ మేడమెట్ల మీద పూలకుండీలు పెరుగుతున్నాయి. మొదట్లో కథలో అరటిచెట్టు లేదు. ఈమధ్య అరటిచెట్టు వచ్చి చేరింది, గెలతో సహా. ఇలాగే వదిలేస్తే మా మనవల కాలానికి నేను కొబ్బరిచెట్టును భుజాన వేసుకుని మేడెక్కినట్టు ఖాయమైపోతుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు, ఒక్క కుండీ ఎక్కువ కాకుండా, ఒక్కటి తక్కువ కాకుండా ఇక్కడ రాస్తున్నాను. కడియంలో ఒక నర్సరీ మేడెక్కింది. ఎక్కించింది నేను. కారణం ఒక అంకె.

అంకె ఏదో చెప్పేముందు నేనెవరో చెప్పాలి. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. నా డిగ్రీ మధ్యలో ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. సాయంత్రం కాగానే గ్రంథాలయానికి వెళ్లిపోతాను. అక్కడ గోడవారగా ఉన్న బీరువాలో తేనెటీగల పెంపకం దగ్గర్నుంచి బావి తవ్వకం దాకా నేను చదవని పుస్తకం లేదు. తేనెటీగను దగ్గరనుంచి చూస్తే పరిగెడతాను, అది వేరే సంగతి. చదువు చదువే.

ఈ చదువు వల్ల అత్తవారింట్లో నాకో స్థానం ఉండేది. మా మావగారు వీర్రాజు గారికి కడియంలో నర్సరీ. ఇల్లూ నర్సరీ ఒకే ఆవరణలో. ఫ్యూజు పోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, బ్యాంకు వాళ్ల మెసేజీ అర్థం కాకపోయినా “పెద్దల్లుడుగారికి ఫోను కొట్టండి” అనేవారు. నేను వెళ్లేవాణ్ణి. వెళ్లగానే వసారాలో ఫ్యాను కింద ఉన్న పడక్కుర్చీలో కూర్చోబెట్టేవారు. అది టేకు కుర్చీ. చేతుల మీద కాఫీ గ్లాసు పెట్టుకోవచ్చు. ఆ ఇంట్లో అంతకు మించిన పదవి లేదు. చాలా ఏళ్లు ఆ పదవిలో పోటీ లేకుండా కొనసాగాను.

తర్వాత మా మరదలు హారికకి పెళ్లయింది.

పెళ్లికొడుకు ప్రదీప్. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. నాకు తోడల్లుడు. లోకంలో ఎన్ని బంధుత్వాలున్నా, ఇద్దరు మగవాళ్లని బతికినన్నాళ్లూ పక్కపక్కన నిలబెట్టి కొలిచే బంధుత్వం ఇదొక్కటే. ఒక అల్లుడు మామిడిపళ్లు తెస్తే, రెండో అల్లుడి సంచీ వైపు ఇల్లంతా చూస్తుంది. అతను చెడ్డవాడైనా బాగుండేది. చెడ్డవాడు కాదు. నన్ను “అన్నయ్యగారూ” అంటాడు, కాళ్లకి దణ్ణం పెడతాడు, నేను చెప్పేది చివరిదాకా వింటాడు. అలాంటి మనిషి మీద అసూయపడాలంటే ఎంత కష్టమో మీకు తెలియదు. ఎంతో కృషి చేయాలి. చేశాను.

పెళ్లయిన కొత్తలోనే అతను అత్తవారింట్లో మూలపడి ఉన్న ఓ పాత రౌటరును బయటికి తీశాడు. రౌటరంటే తెలుసుకదా, ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్టును గదిగదికీ పంచే డబ్బా. అందులో కంపెనీ వాళ్లు పెట్టిన సాఫ్ట్‌వేరు తీసేసి, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కించాడు. షెడ్ల మధ్య ఇంకో డబ్బా కట్టాడు. అంతే. కొబ్బరిచెట్ల మధ్య, పచ్చటి షేడ్‌నెట్ల కింద ఫోను సిగ్నలు అసలు దొరకని ఆ నర్సరీలో ఇంటర్నెట్టు కాలవ నీళ్లలా పారడం మొదలెట్టింది. అంతకుముందు ఫోను మాట్లాడాలంటే మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడాలి.

“ప్రదీప్ బాబు పెట్టింది గులాబీల షెడ్డు దాకా వస్తోందండి, అల్లుడుగారూ!” అన్నారు మావగారు నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే.

“రానివ్వండి,” అన్నాను, దోమల గురించి మాట్లాడినట్టు.

“కొనేవాళ్లు ఇక్కడిదాకా రానక్కర్లేదండి. వీడియోలో మొక్క చూపిస్తే చాలు, లారీ ఎత్తించెయ్యమంటున్నారు.”

మా అత్తగారు మంగతాయారు గారు కాఫీ తెచ్చారు. నేను అలవాటుగా పడక్కుర్చీ వైపు తిరిగాను. అందులో ప్రదీప్ ఉన్నాడు. నన్ను చూడగానే చటుక్కున లేచాడు.

“అయ్యో, కూర్చో ప్రదీప్ బాబూ!” అన్నారు అత్తగారు. “ఆయన ఇంట్లో మనిషే. అల్లుడుగారూ, మీరు అలా బల్ల మీద సర్దుకోండి.”

గమనించారా? అతను ‘బాబు’. నేను ‘అల్లుడుగారు’. గౌరవం నాది, గారాబం అతనిది. బల్ల మీద కూర్చున్నాను. బల్లకి ఒక కోడు పొట్టి. కాఫీ తాగినంతసేపూ గాలికి ఊగే క్రోటను మొక్కలా ఊగుతూనే ఉన్నాను.

ఆ పూట భోజనాల దగ్గర ప్రదీప్ ఓ మాట అన్నాడు. “మావయ్యగారూ, లారీ డ్రైవర్లు, కొనడానికి వచ్చేవాళ్లు అందరూ మీ ఆఫీసు కంప్యూటరున్న నెట్‌వర్క్‌లోనే ఉంటున్నారు. అది మంచిది కాదండి. ఈసారి వచ్చినప్పుడు వీలాన్లు పెట్టి విడదీస్తాను.”

“అదేంటి బాబూ?”

“ఒకే డబ్బాలో వేరువేరు నెట్‌వర్కులు చేయడమండి. ఒకరిది ఒకరికి కనబడదు.”

“అబ్బో!” అన్నారు మావగారు. ఆ ‘అబ్బో’ నేను ఆ ఇంట్లో ఫ్యూజు వేసినన్ని సార్లూ విన్న ‘అబ్బో’. ఇప్పుడది నా కంచం దాటి పక్క కంచంలో పడింది.

“ప్రదీప్, ఆ సాఫ్ట్‌వేరు ఎవరైనా మార్చుకోవచ్చన్నావు కదా?” అన్నాను పులుసు కలుపుకుంటూ.

“అవునండి అన్నయ్యగారూ. అందరిదీ.”

“అంటే నాది కూడా.”

“తప్పకుండా అండి! కాకపోతే మార్చేముందు నాతో ఒక్క మాట అనండి. నేను పక్కనుంటాను.”

ఇందులో మొదటి వాక్యం నేను విన్నాను. రెండోది అవమానంగా తీసుకున్నాను. మూడోది అసలు వినలేదు. అందరిదీ అయినది, చదువుకున్నవాడికి తెరిచి ఉన్నది ఈ లోకంలో ఇంకోటి ఏముంది? గ్రంథాలయం. గ్రంథాలయం ఎవరిది? నాది. కాబట్టి ఆ డబ్బా న్యాయంగా నాది. అసూయపడ్డ మనిషి తర్కం ఇలాగే ఉంటుంది. ప్రతి మెట్టూ గట్టిగా ఉంటుంది, మెట్లు మాత్రం గోతిలోకి దిగుతుంటాయి.

మర్నాడే లైబ్రేరియన్ రమణకుమారి గారి దగ్గరికి వెళ్లి నెట్‌వర్కుల మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకం తీసుకున్నాను. దిండంత లావు. ఆఫీసులో ఫైళ్ల చాటున చదివాను. బస్సులో చదివాను. మా ఆవిడ చారులో ఉప్పు ఎలా ఉందని అడిగితే “ట్యాగ్ చేయాలి” అన్నానట.

నిజం చెప్పాలంటే విషయం నాకు బాగానే అర్థమైంది. మీకు కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పెళ్లిలో భోజనాల హాలు ఒకటే, వంటశాల ఒకటే. కానీ బంతులు వేరు. ఈ బంతిలో వడ్డించింది ఆ బంతిలోకి పోదు. రౌటరు వెనక తీగలు గుచ్చే రంధ్రాలుంటాయి. ఏ రంధ్రం ఏ బంతిలో కూర్చోవాలో ఒక పట్టికలో రాస్తాం. ప్రతి బంతికీ ఒక నంబరు. అదే వీలాన్. ఇంత చక్కటి పోలిక ఆ పుస్తకం రాసినాయనకి తట్టలేదు, నాకు తట్టింది. ఆ గర్వంలో ఉండగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక వదిలేశాను. అడుగున రాసేవి అనుమానం మనుషుల కోసమని అప్పట్లో నా నమ్మకం. ఏ నంబరైనా ఇవ్వవచ్చని పైన రాశారు. అప్పటికే వాడుకలో ఉన్న నంబర్లేవో ముందు చూసుకోమని కింద రాశారు.

ఆదివారం పొద్దున్నే కడియంలో దిగాను, చేతిలో ల్యాప్‌టాపు, చంకలో పుస్తకం, వెనక మా ఆవిడ.

ఇల్లంతా హడావుడిగా ఉంది. హైదరాబాదులో తోటలు వేయించే కాంట్రాక్టరు రాఘవరెడ్డి గారట, పదకొండింటికి వీడియోలో మొక్కలు చూస్తారట, నచ్చితే వెంటనే లోడు. ఖాళీ లారీ గేటు ముందే నిలబడి ఉంది. ఆ ఏడు మావగారికి అంత పెద్ద బేరం అదొక్కటే. రాత్రి నిద్రపోలేదని ఆయన కళ్లే చెబుతున్నాయి.

“ప్రదీప్ ఒక్కడే వచ్చాడట కదా, ఏడండీ?” అన్నాను పైకి మామూలుగా.

“రొయ్యలకి పంపానండీ,” అన్నారు అత్తగారు. “ఎంచి తెస్తాడు.”

రొయ్యలు ఎంచడం కూడా వచ్చునట! నేను ఒకసారి తెచ్చిన రొయ్యల గురించి ఆవిడ అప్పట్లో ఏమన్నారో ఇక్కడ రాయను. కానీ సమయం కలిసొచ్చింది. అతను తిరిగి వచ్చేసరికి నేను ఇంటిని మూడు బంతులుగా కూర్చోబెట్టేయాలి. మావగారు రాఘవరెడ్డి గారికి నర్సరీ చూపిస్తూ, మాటల్లో మాటగా, “ఇదంతా మా పెద్దల్లుడు చేశాడండి” అనాలి. ఆ మాట అన్నప్పుడు ప్రదీప్ రొయ్యల సంచీతో పక్కనుండాలి.

“మావయ్యగారూ, ఆ రౌటరు పాస్‌వర్డు చెప్పండి. ఆ విడదీసే పని నేను చేసేస్తాను.”

“ఇప్పుడా అల్లుడుగారూ? రెడ్డిగారు ఫోను చేసే టైమవుతోంది. ప్రదీప్ బాబు వచ్చాక...”

“ప్రదీప్ వచ్చాక అతను మాత్రం ఏం చేస్తాడండీ? ఇదే చేస్తాడు. పుస్తకం మొత్తం చదివి వచ్చాను.”

ఆయన నా పుస్తకం లావు చూశారు. అదీ నిజమేననిపించినట్టుంది. “హారిక పేరేనండి,” అన్నారు.

ఇదిగో, ఇది చూడండి. పాస్‌వర్డు చిన్నకూతురి పేరు! పెద్దకూతురు ఒకత్తె ఉందని, ఆ ఇంటికి మొదట పుట్టింది ఆవిడేనని ఆ మనిషికి తోచలేదు. ఉన్న కాస్త జంకు కూడా అక్కడితో పోయింది. ఒక తీగ తెచ్చి నా ల్యాప్‌టాపుకీ రౌటరుకీ కలిపి, ఆ పేజీ తెరిచాను.

పట్టిక వచ్చింది. అడ్డంగా రంధ్రాల నంబర్లు, నిలువుగా బంతుల నంబర్లు. ఇప్పుడు మర్యాద ప్రకారం నడుచుకోవాలి. ఒకటో నంబరు ఎవరికివ్వాలి? ఇంటి పెద్దకి. మావగారి ఆఫీసు కంప్యూటరుకి ఒకటి. తర్వాత ఎవరు? పెద్దల్లుడు. రెండు నాది. ఇందులో ఆలోచించడానికేముంది, ఏ పెళ్లిలోనైనా అంతే కదా! మూడోది వచ్చేపోయేవాళ్లకి. ప్రదీప్‌ని, ఫోన్లన్నిటినీ మూడులో పడేశాను. మూడో బంతి వాళ్లు ఇంటర్నెట్టు వాడుకోవచ్చు, ఇంట్లో దేన్నీ ముట్టుకోకూడదు, ముఖ్యంగా ఈ పేజీ తెరవకూడదు. ఆ సెట్టింగును ఎంతో ప్రేమగా, ఒకటికి రెండుసార్లు చూసుకుని పెట్టాను. మా అత్తగారికి నంబరు ఇవ్వడం పూర్తిగా మర్చిపోయాను. ఈ ఒక్క సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు. మీరు చెప్పకండి.

ఒక్క చిక్కు వచ్చింది. రెండో బంతిలో, అంటే నా బంతిలో, అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు. పట్టికలో ఆ రంధ్రం నంబరు సున్నా. సున్నా! నా పక్కన! సున్నా అంటే ఏముంది, ఏమీ లేదనే కదా. పిలవని పేరంటానికి వచ్చి ముందు కూర్చున్న మనిషిని లేపినట్టు, దాన్ని లేపేసి, నా ల్యాప్‌టాపును అక్కడ కూర్చోబెట్టాను.

అమలు చేయమని నొక్కాను. పేజీ కాసేపు గిరగిరా తిరిగి, నా తీగతో మాట తెగిపోయిందనీ, అందుకని పాత పద్ధతికే వెళ్లిపోయాననీ చెప్పింది. కావాలంటే తనిఖీ లేకుండా అమలు చేయమని కింద ఇంకో మీట ఎర్రగా చూపించింది.

ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఆలోచించేవారు. నాకు మాత్రం ఆ డబ్బా ప్రదీప్ మనిషి అనిపించింది. నేను వేసిన వరుస అది ఒప్పుకోకపోవడం ఏంటి? “అతను చెబితే వింటావు, నేను చెబితే వినవా?” అని పైకే అన్నాను.

“ఎవరితో మాట్లాడుతున్నారండీ?” అంది సుజాత గదిలోకి వస్తూ.

“ఎవరితోనూ లేదు,” అని ఎర్ర మీట నొక్కేశాను.

ఆఫీసు గదిలోంచి మావగారి గొంతు వినిపించింది. “అల్లుడుగారూ! ఇక్కడ పోయిందండి.”

“ఏం పోయిందండీ?”

“అన్నీనండి.”

షెడ్డులోంచి నర్సరీలో పనిచేసే సత్తెమ్మ కేకేసింది. “అయ్యగారో! నా పోన్లో పాట ఆగిపోయిందండో!”

నా ల్యాప్‌టాపులో పేజీ మళ్లీ తెరవబోయాను. తెరుచుకోలేదు. ఫోనులో తెరవబోయాను. నా ఫోను మూడో బంతిలో ఉంది. మూడో బంతి వాళ్లు పేజీ తెరవకూడదని ఎవరో మహానుభావుడు ఎంతో ప్రేమగా ఏర్పాటు చేశాడు. ఇక మిగిలింది మావగారి కంప్యూటరు. అక్కడ పేజీ తెరుచుకుంటుంది. కానీ తెరిచి ఏం దిద్దాలి? నా లెక్కలో తప్పే లేదాయె!

సుజాత నడుం మీద చేతులు పెట్టుకుంది. “ప్రదీప్‌కి ఫోను చేయండి.”

“అక్కర్లేదు.”

“పోనీ నేను చేస్తాను.”

“నీకు సిగ్నలు రాదు.”

“మేడెక్కి చేస్తాను.”

మేడ! ఆ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపం ఆరిపోయి ఉంటే ఎంత బాగుండేదో. మేడ మీద ట్యాంకు పక్కన ఫోను సిగ్నలు ఉంటుంది. వీడియో అక్కడినుంచి చేయవచ్చు. ఇంటర్నెట్టు మొక్కల దగ్గరికి రాకపోతే, మొక్కలే ఇంటర్నెట్టు దగ్గరికి వెళ్లాలి. ప్రదీప్‌ని పిలవడం కంటే ఇదే తేలిక.

“మావయ్యగారూ, ఏం భయం లేదు. రకానికి రెండేసి కుండీలు పైకి తెచ్చేద్దాం!”

ఆయన నన్ను చూశారు, గేటు ముందున్న లారీని చూశారు, గడియారం చూశారు. పాపం, ఆయనకి మాత్రం వేరే దారి ఏముంది? “సత్తెమ్మా! రా!” అని అరిచారు.

అలా మొదలైంది ఊరేగింపు. ముందు మావగారు, రెండు చేతుల్లో రెండు క్రోటన్లు. వెనక సత్తెమ్మ, నెత్తి మీద కాగితంపూల కుండీ. ఆ వెనక సుజాత, మందారం మొక్కని చంకన పిల్లను వేసుకున్నట్టు వేసుకుని, ఒక్కో మెట్టుకీ నన్నొక మాట అంటూ. చివర నేను, నాకంటే ఎత్తయిన పామ్ మొక్కను కావలించుకుని. దాని ఆకులు నా కళ్లకి అడ్డం. మెట్లు కనబడవు. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి చూసేసరికి మెట్ల మీద ఒక పామ్ మొక్క రొప్పుతూ, చెమటలు కక్కుతూ పైకి నడుస్తోంది.

“అల్లుడుగారూ, లోపలున్నది మీరేనా అండీ?”

“నేనేనండి అత్తయ్యగారూ.”

“ఎందుకండీ ఇదంతా?”

“చిన్న సాంకేతిక కారణమండి.”

పదకొండయ్యేసరికి ట్యాంకు చుట్టూ ఓ చిన్న అడవి లేచింది. రాఘవరెడ్డి గారి మొహం మావగారి ఫోనులో వెలిగింది.

“నమస్తే వీర్రాజు గారు! గదేంది సార్, వెనక నీళ్ల ట్యాంకు కనబడతాంది? నర్సరీ ఏడవోయింది?”

“ఇదేనండి... ఇది మేడ మీద నర్సరీ అండి.”

“కింద లేదా సార్?”

“కిందా ఉందండి. ఇది స్పెషల్ అండి.”

ఫోను కాస్త కదిలితే సిగ్నలు పోతుంది. అందుకని ఆయన కదలకుండా నిలబడి ఉంటే, మేమే ఒక్కొక్క మొక్కనీ ఎత్తుకుని పెళ్లిచూపుల్లో పిల్లని తెచ్చినట్టు ఫోను ముందు నిలబెట్టి, తిప్పి చూపించి, పక్కకి తీసుకుపోతున్నాం.

“గా ఎర్రది బాగుంది. ఇంకోటి తీయండి. అరే, గిదేంది సార్, గింత గుబురుగున్నది? గిది నాకు వంద గావాలె!”

నా చేతిలో ఉన్న కుండీ అది. మా అత్తగారు ముందుకొచ్చారు.

“అల్లుడుగారూ! అది నా కరివేపాకండీ! వంటింటి గుమ్మం దగ్గరది!”

హడావుడిలో ఏది చేతికందితే అది తెచ్చేశాను. ఆవిడ లాక్కున్నారు. రాఘవరెడ్డి గారు అటునుంచి “అమ్మా, జర గట్లనే పట్టుకోండి, మంచిగ కనబడతాంది” అంటున్నారు. ఇంతలో పిడుగులా ఇంకో మాట. “సరే సార్, ఇప్పుడు కిందికి దిగి వరసగా లైన్లు చూపియ్యండి. మొత్తం సరుకు చూడకుండ నేను లారీ ఎత్తియ్య. జర జల్దీ. ఇంకో నర్సరీ వాళ్లు గూడ లైన్ల ఉన్నరు.”

మావగారి మొహం వాడిన తమలపాకులా అయిపోయింది. ఆయన నోరు విప్పి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ప్రదీప్. కుడిచేతిలో రొయ్యల సంచీ, ఎడమచేతిలో గన్నేరు కుండీ. ఏం జరుగుతోందో తెలియదు, ఎందుకో అడగలేదు, అందరూ మోస్తున్నారు కదా అని తనూ ఒకటి మోసుకొచ్చాడు. అంత మంచితనం భరించడం మానవమాత్రుడి వల్ల కాదు.

“అన్నయ్యగారూ, ఇది ఎక్కడ పెట్టమంటారండీ?”

నేను పామ్ మొక్క వెనక్కి జరిగాను. మావగారి మొహం మాత్రం ఆకుల సందుల్లోంచి కనబడుతూనే ఉంది. అప్పుడిక నోరు పెగుల్చుకుని అన్నాను. “తమ్ముడూ, ఒకసారి కిందికొచ్చి ఆ డబ్బా చూడు.”

మావగారు రెడ్డిగారిని ఐదు నిమిషాలు ఆగమని బతిమాలి ఫోను పెట్టేశారు. ప్రదీప్ మావగారి కంప్యూటరు ముందు కూర్చుని పేజీ తెరిచాడు. ఇల్లంతా అతని వెనక నిలబడింది. పట్టిక చూశాడు. ఇంకోసారి చూశాడు.

“అన్నయ్యగారూ, రెండో నంబరులో ఉన్న సున్నాని తీసేశారా అండీ?”

“తీసేశాను. ఖాళీగా కూర్చుంది.”

“అదేనండి బయటినుంచి ఇంటర్నెట్టు వచ్చే రంధ్రం. రెండో నంబరు ఈ రౌటరులో మొదటినుంచీ దానిదేనండి.”

మీకు నా భాషలో చెప్పాలంటే, బంతిలో ఎవరో దారినపోయేవాడు కూర్చున్నాడనుకుని నేను లేపి పంపించేసింది, ఊరందరికీ వండిన అన్నం గుండిగను మోసుకొచ్చిన మనిషిని.

“మీ ల్యాప్‌టాపుకి వేరే ఏ నంబరైనా ఇవ్వవచ్చు కదండీ,” అన్నాడు ప్రదీప్, నిజంగా తెలుసుకోవాలనే. “పదీ, ఇరవై, ఏదైనా. మీరు ప్రత్యేకించి రెండే ఎందుకు తీసుకున్నారు?”

మావగారు, అత్తగారు, సుజాత, గుమ్మంలో సత్తెమ్మ. అందరూ నా వైపే.

“ఒకటి మావయ్యగారిది కదా,” అన్నాను. “తర్వాత... వరుసలో... పెద్దల్లుణ్ణి కదా అని.”

సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుజాత కుక్కుకోలేదు. ప్రదీప్ ఒక్కడే నవ్వలేదు. తల వంచుకుని సున్నాని దాని చోట కూర్చోబెట్టాడు. ఆఫీసు కంప్యూటరు ప్రాణం పోసుకుంది, షెడ్డులో సత్తెమ్మ పాట ఆగిన చరణం నుంచే మొదలైంది, మావగారు ఫోను పట్టుకుని గులాబీల వైపు పరిగెత్తారు. ఇంకో నర్సరీ వాళ్లు లైన్లోనే ఉండిపోయారు. సాయంత్రానికి లారీ నిండి వెళ్లింది. మేడ మీది మొక్కల్ని కిందికి దించింది నేనొక్కణ్ణే. ఎవరూ దించమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు.

ఇక్కడితో అయిపోతే మామూలు అవమానం. అసలుది ఇంకా ఉంది.

మళ్లీ వారం వెళ్లేసరికి పడక్కుర్చీ ఖాళీగా ఉంది. అత్తగారు స్వయంగా తుడిచారు. “కూర్చోండి అల్లుడుగారూ, ఇది మీదే. ప్రదీప్ బాబు బల్ల మీద సర్దుకుంటాడు. మీరు ఇందులోంచి లేవకండి, మీకేం కావాలన్నా మేం తెచ్చిస్తాం.” కాఫీ వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి. నా ఫోను తీసి చూస్తే నెట్‌వర్కుల్లో కొత్తగా ఒకటి కనబడుతోంది. పేరు ‘పెద్దల్లుడుగారు’.

“ప్రదీప్ బాబు మీకోసం ప్రత్యేకంగా పెట్టాడండి,” అన్నారు మావగారు. “మా ఎవరికీ లేదు అలా.”

నా కళ్లు చెమర్చాయి. నా పేరున ఒక వీలాన్! తప్పు తెలుసుకున్నారు, మర్యాద తెలుసుకున్నారు. కుర్చీ చేతి మీద కాఫీ గ్లాసు పెట్టుకుని ప్రదీప్‌ని మనసులో పూర్తిగా క్షమించేశాను. రాజమహేంద్రవరం తిరిగొచ్చాక కాలేజీ ఆఫీసులో చెప్పాను, గ్రంథాలయంలో చెప్పాను, ఆటోలో పక్కన కూర్చున్నాయనకి చెప్పాను. “మా అత్తవారింట్లో నాకొక్కడికే సొంత నెట్‌వర్కండి.”

ఓ రోజు ఆ గొప్ప ఇంట్లోనే చెప్పుకుంటుంటే సుజాత వంకాయలు తరుగుతూ తలెత్తకుండా అంది.

“అందులో ఇంకెవరున్నారో చూశారా?”

“ఎవరూ ఉండరు. నాది కదా.”

“మోటారు షెడ్డులో ఫోనుతో వెలిగించే బల్బు ఉంది. గేటు కెమెరా ఉంది. మంచివో కావో తెలియని సామాన్లన్నీ అందులోనే వేశాడట. ఇంటర్నెట్టు వస్తుంది, ఇంట్లో దేన్నీ ముట్టుకోలేవు. అమ్మ చెప్పి చేయించింది.”

“ఇంత దుర్మార్గమైన సెట్టింగు ప్రదీప్‌కి ఎలా తోచింది?”

“అతనికి తోచలేదు. మీరు అతనికోసం పెట్టి ఉంచారు కదా, మూడో నంబరులో. అన్నీ అలాగే ఉంచి పేరు మాత్రం మార్చాడు.”

అందుచేత, మోటారు షెడ్డు బల్బు సాక్షిగా, గేటు కెమెరా చూస్తుండగా, నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ డబ్బాలోనూ, ఏ పట్టికలోనూ, ఏ బంతిలోనూ ముందే కూర్చున్నవాడు ఎవరో కనుక్కోకుండా లేపను. పేజీ అడుగున చిన్న అక్షరాలు ముందు చదివి, పైన పెద్ద అక్షరాలు తర్వాత చదువుతాను. ప్రదీప్ మీద అసూయపడను. పడినా, తీగలు ముట్టుకోకుండా పడతాను.

ఈ వ్యవహారంలో నాకు తోడ్పడినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవడం నా విధి. పుస్తకం గడువు దాటినా ఏమీ అనని రమణకుమారి గారికి, నెత్తి మీద కాగితంపూలతో మేడెక్కిన సత్తెమ్మకి, లారీ ఎత్తించిన రాఘవరెడ్డి గారికి, నన్ను ఒక్క మాటా అనని మావగారు వీర్రాజు గారికి, ఆయన బదులు కూడా అన్న నా భార్య సుజాతకి, వంద కరివేపాకు మొక్కలకి అంట్లు కట్టడానికి ఇప్పటికీ ఒప్పుకోని అత్తగారు మంగతాయారు గారికి, పేరు అరువిచ్చిన మరదలు హారికకి, ఆ గదిలో నవ్వని ఒకే ఒక్క మనిషి, నా తమ్ముడు ప్రదీప్‌కి. అందరికంటే ఎక్కువగా, నేను లేపేసినా మనసులో పెట్టుకోకుండా తిరిగి వచ్చి రెండో నంబరులో కూర్చుని, ఇవాళ్టికీ ఆ ఇంటిల్లిపాదికీ వడ్డిస్తున్న సున్నాగారికి.